చెవిలో మాటలు ఆగడం లేదు, ధ్యాన శిబిరానికి పంపమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గాజువాక. మా తమ్ముడికి 27 ఏళ్లు. మూడేళ్ల క్రితం స్కిజోఫ్రీనియా అన్నారు, అప్పటి నుంచి మందులు వాడుతున్నాడు. ఇదివరకటిలా గొడవ చేయడం లేదు కానీ, ఎవరో తిడుతున్నట్టు చెవిలో మాటలు ఇంకా వినిపిస్తున్నాయట. రోజంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గదిలోనే ఉంటాడు. మైండ్‌ఫుల్‌నెస్, యాక్సెప్టెన్స్ థెరపీలు ఈ జబ్బుకు పనిచేస్తాయని విన్నాం. తెలిసినవాళ్లేమో పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి పంపమంటున్నారు. అక్కడికి పంపి, మెల్లగా మందులు మాన్పించొచ్చా?

జవాబు: అమ్మా, చివర అడిగినదానికే ముందు చెబుతాను. మందులు మాన్పించొద్దు. ఆ శిబిరానికీ పంపొద్దు. ధ్యానం చెడ్డదని కాదు. రోజుకు గంటల తరబడి కళ్లు మూసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, నిద్ర తగ్గించుకుని కూర్చుంటే, సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, లేనివి నిజమని నమ్మడం) ఉన్నవాళ్లకు ఆ నిశ్శబ్దంలో లోపలి మాటలే మరింత గట్టిగా వినిపించే ప్రమాదం ఉంది. ఇలాంటి శిబిరాల తర్వాత జబ్బు తిరగబెట్టిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి.

మీరు విన్న థెరపీల పద్ధతి వేరు. బ్రిటన్‌లో పాల్ చాడ్విక్ అనే సైకాలజిస్ట్ మైండ్‌ఫుల్‌నెస్‌ను, అంటే ఈ క్షణంలో జరిగేదాన్ని దానితో వాదించకుండా గమనించే సాధనను, ఈ జబ్బు ఉన్నవాళ్లకు తగినట్టు మార్చారు. ఒక్కసారికి కూర్చునేది దాదాపు పది నిమిషాలే. ఎక్కువసేపు మౌనం ఉండనివ్వరు, థెరపిస్ట్ మధ్యమధ్యలో మాట్లాడుతూ దారి చూపిస్తూనే ఉంటారు. ఇక యాక్సెప్టెన్స్ అన్న మాట వింటేనే ఇళ్లలో కంగారు పడతారు. "అంటే ఆ తిట్లు నిజమేనని మావాడు ఒప్పేసుకోవాలా?" అని ఒక తల్లి నన్ను అడిగింది. కాదమ్మా. మాట వినిపించిందని ఒప్పుకోవడం వేరు, ఆ మాట చెప్పేది నిజమని ఒప్పుకోవడం వేరు. ఈ చికిత్సకు ప్రాణం ఆ తేడాలోనే ఉంది.

నా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడి సంగతి చెబుతాను. "అందరూ నిన్నే చూస్తున్నారు, వెళ్లిపో" అని వినిపించేది. దానితో వాదించేవాడు, తిరిగి తిట్టేవాడు. చివరికి ఇల్లు కదలడమే మానేశాడు. ఓపీ గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు తెరిచే ఉంచమన్నాం, అరికాళ్లు నేలకు ఆనించమన్నాం. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది, బయట టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు, ఆ మాటా వినిపిస్తోంది. మూడింటినీ వినిపించనివ్వు, దేని వెంటా పరుగెత్తకు అన్నాం. "నిన్నే చూస్తున్నారు" అని వినిపించగానే, "ఆ మాట మళ్లీ వచ్చింది" అని మనసులో అనుకోమన్నాం. ఇంత చిన్న పనికి రెండు నెలలు పట్టింది. ఒక రోజు వచ్చి, ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చుని మొక్కజొన్న పొత్తు తిన్నానని చెప్పాడు. మాట ఆగిందా అని అడిగాను. "లేదు సార్, తింటున్నంతసేపూ అంటూనే ఉంది. పొత్తు మాత్రం మొత్తం తినేశాను" అన్నాడు. అది విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

దీనికి పరిశోధన ఆధారం కూడా ఉంది. 2002లో అమెరికాలో బాక్, హేస్ అనే ఇద్దరు పరిశోధకులు, ఆసుపత్రిలో చేరిన 80 మంది సైకోసిస్ పేషెంట్లపై అధ్యయనం ప్రచురించారు. మామూలు చికిత్సతో పాటు సగం మందికి యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ నాలుగే నాలుగు సెషన్లు ఇచ్చారు. తర్వాతి నాలుగు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు మామూలు చికిత్స గ్రూపులో 40 శాతం, ఈ గ్రూపులో 20 శాతం. విచిత్రం ఏంటంటే, మాటలు వినిపిస్తున్నాయని ఎక్కువగా ఒప్పుకున్నది థెరపీ తీసుకున్నవాళ్లే. దాచుకోవాల్సిన అవసరం తగ్గిందన్నమాట. తర్వాత వచ్చిన కొన్ని అధ్యయనాల్లో ఫలితం ఇంత బలంగా రాలేదు. అందుకే ఇది మందుకు తోడు మాత్రమే, మందుకు బదులు కాదు.

మూడేళ్లయినా మాటలు పోలేదంటే, థెరపీ కంటే ముందు మీ సైకియాట్రిస్ట్‌తో మందుల గురించే మాట్లాడండి. రెండు రకాల మందులు సరైన మోతాదులో, కనీసం ఆరేసి వారాలు వాడినా లక్షణాలు తగ్గకపోతే క్లోజపిన్ అనే మందు గురించి ఆలోచిస్తాం. దానికి క్రమం తప్పకుండా రక్త పరీక్షలు చేయించాలి. మాత్రలు నిజంగా మింగుతున్నాడా, గంజాయి అలవాటేమైనా ఉందా అన్నది కూడా చూడాలి. మన జిల్లాలో ఈ ప్రశ్న అడగకుండా నేను ఏ కుర్రాడినీ పంపను. మీరు అడిగేటప్పుడు పోలీసుల్లా కాకుండా అక్కలా అడగండి.

థెరపీకి క్లినికల్ సైకాలజిస్ట్ కావాలి, అదీ సైకోసిస్ ఉన్నవాళ్లతో పనిచేసిన అనుభవం ఉన్నవారు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీలో అడిగి చూడండి. ఆ ఆసుపత్రి పేరు చెబితే బంధువులు ఏమనుకుంటారోనని ఆగొద్దు. "చచ్చిపో" అనో, "ఫలానావాణ్ణి కొట్టు" అనో మాటలు ఆజ్ఞాపిస్తుంటే మాత్రం థెరపీ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏం చేయాలో తోచకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు.

హెడ్‌ఫోన్స్ లాక్కోకండి. పాట పెట్టుకుంటే మాటల గోల తగ్గడం చాలామందికి అనుభవమే, అది అతను సొంతంగా కనిపెట్టుకున్న ఉపాయం. "ఇప్పుడేం వినిపిస్తోంది" అని గంటకోసారి అడగడం మాత్రం మానేయండి. ఈ ఆదివారం రైతుబజారుకు వెళ్తూ, ఒక చెవిలో పాట ఉంచుకునే మీతో రమ్మనండి. సంచి అతని చేతికివ్వండి.