అమ్మాయి అక్కడ నక్కల్ని, పిట్టల్ని చూస్తా కూర్చుంటోందని దిగులా?

కోవూరు నుంచి రాసిన అమ్మా, మీ ఉత్తరం చదివాను. ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీకి పోయిన మీ పాప ఫోన్ చేస్తే చదువు సంగతి ఎత్తకుండా, రాత్రి చెత్తడబ్బా దగ్గరికి నక్క వచ్చింది, కిటికీ బయట పిట్ట పాడతా ఉంది అని అవే చెప్తోందని, మీ ఆయన అప్పు చేసి పంపింది పిట్టల్ని చూసేదానికా అని అరిచిన కాడ్నించి ఫోనే సరిగ్గా ఎత్తట్లేదని రాశారు. ఆ నక్కతో నాకేం భయం లేదు, ఫోన్ ఎత్తకపోవడమే నన్ను కలవరపెడతా ఉంది.

అక్కడ డిసెంబర్లో సాయంత్రం నాలుక్కే చీకటి పడిపోద్ది. చాలా పిట్టలు చలికాలం గొంతెత్తవు, రాబిన్ మాత్రం పాడతానే ఉంటది, ఇంచుమించు మన పిచ్చుకంతే, మొహం రొమ్ము నారింజ రంగు, ఆడదీ మగదీ రెండూ తమ చోటు కాపాడుకునేదానికి పాడతాయి, వీధిలైటు వెలుగుంటే రాత్రిపూట కూడా. నక్కలు ఊళ్లలోనే, ఇళ్ల తోటల్లో షెడ్ల కింద బొరియలు చేసుకుని ఉంటాయి. పొద్దున్నించి తెలుగులో ఒక్క మాట మాట్లాడని పిల్లకి ఇవే తోడు, ఆ తోడు గురించి చెప్పుకునేదానికి ఆమెకున్నది మీరే.

ఈ రాత్రికి మీరే ఫోన్ చేయండి, మార్కులు అడగొద్దు, నక్క మళ్లీ వచ్చిందా అని అడగండి. మడి దున్నతా ఉంటే ట్రాక్టర్ వెనకాల కొంగలు ఎట్టా నడిచాయో వీడియో తీసి పంపండి. నేలపట్టు పక్షుల చెరువులో గూడబాతులు దిగుంటే (ఇప్పుడది తిరుపతి జిల్లా కిందికి పోయింది గానీ మనకి దగ్గరే) పోయి చూసి చెప్పండి. నక్కకి చేత్తో తిండి పెట్టొద్దని, అర్ధరాత్రి ఒంటరిగా బయటికి పోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

మాట కలిశాక తిండి, నిద్ర, క్లాసుల సంగతి నిదానంగా అడగండి. పగలంతా పడుకునే ఉంటా ఉన్నా, క్లాసులు మానేసినా, ఆ పిట్టల మాట కూడా చెప్పడం ఆపేసినా యూనివర్సిటీలో కౌన్సెలర్ని కలవమనండి, చాలాచోట్ల విద్యార్థులకి ఫ్రీనే. బతకాలని లేదనే మాట ఎప్పుడన్నా వస్తే ఆలస్యం చేయొద్దు, అక్కడ సమారిటన్స్ అని, మనసు బాగలేనోళ్ల మాట వినే సంస్థ ఉంది, వాళ్ల ఫోన్ నంబరు 116 123 రాత్రీపగలూ ఉంటది, ప్రాణం మీదికొస్తే అక్కడి అత్యవసర నంబరు 999.

మీ ఆయన కోపం వడ్డీ భయంతో వచ్చింది, అర్థమైంది. ఆయన్ని ఫోన్ దగ్గర కూర్చోబెట్టి, తిన్నావా నాయనా అని ఒక్క మాట అడగమనండి, అప్పు లెక్కలు కోపం చల్లారినాక ముగ్గురూ కలిసి చూసుకోండి.