సాయం చేసిన చేత్తోనే కరపత్రం ఇవ్వాలా? నా అనుభవం

బ్రదర్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ రూమ్మేట్ వాళ్ల నాన్నకి బైపాస్ ఆపరేషన్ ఉంది, మీరు వాళ్లతో పాటు హాస్పిటల్ చుట్టూ తిరుగుతున్నారు. మీ సంఘంలో ఒకాయన "ఇదే సమయం, ఇప్పుడైతే మనసు మెత్తగా ఉంటుంది, సువార్త చెప్పెయ్" అన్నారు, మీకేమో నోరు రావడం లేదు, చెప్పకపోతే దేవుని దగ్గర దోషినవుతానేమో అని టెన్షన్. దానికి తోడు ఉద్యోగం పర్మనెంట్ కావాలని రెండేళ్లుగా చేస్తున్న ప్రార్థనకి జవాబు రాలేదు, నా విశ్వాసంలోనే లోపం ఉందేమో అని కూడా రాశారు.

నేను వేదాంతం చదువుకోలేదు. ఒంగోల్లో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టుకునే మనిషిని. కానీ మీరు అడిగిన రెండూ నా ఇంట్లో జరిగినవే. నా జవాబు ముందే చెప్పేస్తాను: వాళ్లు అడిగితే తప్ప ఆపరేషన్ అయ్యేదాకా సువార్త ఎత్తకండి. ఎందుకు అంటున్నానో చెప్పాలంటే కొంచెం పెద్ద కథే చెప్పాలి.

పెళ్లైన కొత్తలో మా స్త్రీల సమాజం తరఫున శనివారం శనివారం హాస్పిటల్‌కి వెళ్లేవాళ్లం. వార్డుల్లో రొట్టె ప్యాకెట్లు, పాల ప్యాకెట్లు పంచేవాళ్లం. రొట్టె ప్యాకెట్‌కి కరపత్రం రబ్బరు బ్యాండుతో చుట్టి ఇవ్వడం నా పని. ఒకరోజు పిల్లల వార్డులో, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న పిల్లాడి పక్కన కూర్చున్న ఒకావిడ ప్యాకెట్ తీసుకుంది, చుట్టిన కాగితం చూసింది, రెండూ నా చేతిలో తిరిగి పెట్టింది. "రొట్టె ఇవ్వడానికి వచ్చావా అమ్మా, కాగితం ఇవ్వడానికి వచ్చావా?" అంది. కోపంగా కూడా అనలేదు. పిల్లాడు మాత్రం రొట్టె వైపే చూస్తున్నాడు. నేను ఏమీ మాట్లాడలేక బయటికి వచ్చేశాను.

ఆ రోజు నాకు ఆవిడ మీదే కోపం వచ్చింది. సువార్తని తిరస్కరించింది, ఇది మనకి వచ్చే హింసే కదా అనుకున్నాను. మా సంఘంలో రిటైరైన ఒక టీచరు గారు ఉండేవారు, ఇప్పుడు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు, ఆయన దగ్గర ఏడుస్తూ చెప్పాను. ఆయన నన్ను ఓదార్చలేదు. "క్లౌ దొర కథ నీకు పూర్తిగా తెలుసా?" అని అడిగారు.

ఒంగోలు క్రైస్తవులకి ఆ పేరు చెప్పక్కర్లేదు గానీ మీకు తెలియకపోవచ్చు. జాన్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, 1866లో ఒంగోలు వచ్చారు. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిలో ఘోరమైన కరువు వచ్చింది. ఆయన మిషనరీ కాకముందు భూములు కొలిచే సర్వే పని చేసిన మనిషి. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లని పనిలో పెట్టుకుని కూలి ఇప్పించారు. ఇంతవరకు నాకూ తెలుసు. తర్వాతి ముక్క టీచరు గారు చెప్పేదాకా నేను పట్టించుకోలేదు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం కావాలని వేలమంది అడిగారు, ఆయన ఇవ్వలేదు. ఏడాది పైనే ఆపేశారు. అన్నం కోసం వస్తున్నారో, ప్రభువు కోసం వస్తున్నారో వాళ్లకే తెలియని సమయంలో ఇవ్వకూడదని ఆయన భయం.

కాలువ పని అయిపోయింది, పంచడానికి డబ్బులు కూడా లేవు. అప్పుడు కూడా జనం వచ్చారు. మాకు మీ సాయం వద్దు, కష్టపడి పని చేసుకోగలం, కావాలంటే మా చేతులు చూడండి అని కాలువ తవ్వి బొబ్బలెక్కిన చేతులు చూపించారట. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సభల్లో ఈ అంకె గొప్పగా చెప్తారు, దాని ముందు ఆయన ఆగిన పదిహేను నెలల గురించి ఎవరూ చెప్పరు. టీచరు గారు నాతో అన్నది ఒక్కటే: "ఆయన వేల మందిని ఆపగలిగాడు, నువ్వు ఒక కాగితాన్ని ఆపలేకపోయావా?"

అప్పుడు కూడా నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమైంది మా ఆయన మంచాన పడ్డాక.

మా ఆయన చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ పనికి వెళ్లేవారు. ఒకరోజు రాయి జారి కాలి మీద పడింది. కాల్లో రాడ్ వేశారు, రెండోసారి మళ్లీ కోశారు, పద్నాలుగు నెలలు ఇంట్లోనే. ఓనరు రెండు నెలలు ఎంతో కొంత ఇచ్చి తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇద్దరు పిల్లలు. నేను రాత్రి ఒంటిగంట దాకా ఫాల్సూ పీకోలూ కుట్టి, పొద్దున్నే లేచి ఆయన్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లేదాన్ని. ఆ సమయంలో మా సంఘం కాదు, వేరే ఒక ప్రార్థన గుంపు వాళ్లు ఇంటికి వచ్చారు. బాగా ప్రార్థన చేశారు, పదివేల రూపాయలు మంచం మీద పెట్టారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర, "వచ్చే నెల మా సభలో బ్రదర్ స్టేజీ ఎక్కి స్వస్థత సాక్ష్యం చెప్పాలి, ఊతకర్ర లేకుండా నాలుగు అడుగులు వేస్తే చాలు" అన్నారు.

మా ఆయన ఆ డబ్బు తీసి వాళ్లకే ఇచ్చేయమన్నారు. "నడవలేనోణ్ని నడిచానని దేవుడి పేరు మీద ఎట్లా చెప్పను" అన్నారు. ఇంట్లో అప్పటికి బియ్యం కూడా నిండుకున్నాయి. నేను ఆయనతో ఆ రాత్రి గొడవపడ్డాను, అది కూడా దాచకుండా చెప్తున్నాను. కానీ డబ్బు తిరిగిచ్చేశాం. అప్పుడు గుర్తొచ్చింది పిల్లల వార్డులో ఆవిడ మొహం. సాయానికి ఏదో ఒకటి చుట్టి ఇస్తే తీసుకునేవాళ్లకి ఎట్లా ఉంటుందో ఆ రోజు నా గుమ్మంలో నిలబడి తెలుసుకున్నాను.

మర్నాటి నుంచి మాకు అన్నం పెట్టింది ఎవరో తెలుసా? మా ఎదురింటి పిన్ని. సోమవారం సోమవారం శివాలయానికి వెళ్లే మనిషి. మాకు చుట్టరికం కూడా లేదు. ఒక సంచి బియ్యం వాళ్ల అబ్బాయి చేత మోయించి వరండాలో పెట్టించింది. రోజూ మధ్యాహ్నం ఒక కూర గిన్నె. మళ్లీ ఆ మాట ఎత్తేది కాదు, గిన్నె తిరిగి ఇవ్వడం ఆలస్యమైతే అడిగేది, అంతే. దేవుడు తన పని ఎవరి చేతులతో చేయించుకుంటాడో మనం రాసిపెట్టలేం బ్రదర్. ఇది ఒప్పుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

తర్వాత నాలుగేళ్లకి పిన్ని వాళ్ల ఆయనకి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. వాళ్ల అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు. మంగళవారం, శనివారం నేను వెళ్తాను, గురువారం వాళ్ల మేనల్లుడు వెళ్తాడు. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చేతికి బీపీ చూడనివ్వకూడదు, సూది గుచ్చనివ్వకూడదు, రోజుకి ఎన్ని నీళ్లు తాగాలో కొలుచుకోవాలి, కూరలో ఉప్పు తగ్గించాలి, ఇవన్నీ ఆ కుర్చీల్లో కూర్చుని నేర్చుకున్నాను. హెమ్మింగ్ పని, హుక్కులు కుట్టే పని సంచిలో వేసుకుని వెళ్తాను కాబట్టి నా పని కూడా పెద్దగా ఆగలేదు.

ఏడాదిన్నర దాకా నేను యేసు ప్రభువు పేరు ఎత్తలేదు. మనసులో చెప్పాలని లేదా అంటే చాలా ఉంది. రోజూ పొద్దున్న వాళ్లిద్దరి పేర్లతో ప్రార్థన చేస్తాను, ఇప్పటికీ. ఒకరోజు ఆటోలో తిరిగి వస్తుంటే పిన్నే అడిగింది, "అమ్మాయ్, మా కోసం ఇన్ని రోజులు నీ పని చెడగొట్టుకుని తిరుగుతున్నావు, మీ దేవుడు చెప్పాడా ఏంటి?" అని. "చెప్పాడు పిన్నీ. నేను ఆయనకి ఏమీ చేయకముందే ఆయన నా కోసం చేశాడు. మా ఆయన పడిపోయినప్పుడు నువ్వూ అట్లాగే చేశావు" అన్నాను. ఏం చేశాడు అని అడిగింది. ఇల్లు వచ్చేదాకా చెప్పాను. సిలువ గురించి చెప్పాను, మా ఆయన డబ్బు తిరిగిచ్చిన రోజు నేను ఆయన మీద ఎట్లా అరిచానో, తర్వాత ఎట్లా క్షమాపణ అడిగానో చెప్పాను. దేనికీ తొందరపడలేదు, దేన్నీ మింగలేదు. అడిగినవాళ్లకి నెమ్మదిగా, గౌరవంగా జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు మొదటి పత్రికలో ఉంది కదా, అక్కడ ముందు అడగడం ఉంది. మనం ఆ ముక్క వదిలేస్తున్నాం.

పిన్ని మారిందా అని మీరు అడుగుతారు. లేదు. ఇప్పటికీ సోమవారం గుడికి వెళ్తుంది. మోకాళ్ల నొప్పులు కదా, నేనే చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తీసుకెళ్లి, లోపలి నుంచి వచ్చేదాకా బయట అరుగు మీద కూర్చుంటాను. దీనికి మా సంఘంలో ఒకరిద్దరు నన్ను తప్పుపట్టారు. నేను బాధపడ్డాను గానీ మానలేదు. పిన్ని ప్రభువుని తెలుసుకోవాలని నాకు ఎంత ఆశ ఉందో ప్రభువుకి తెలుసు. కానీ ఆవిడ మారితేనే నా మంగళవారాలకి విలువ అనుకుంటే, రబ్బరు బ్యాండు మళ్లీ చుట్టినట్టే.

సువార్త అసలు చెప్పొద్దు అనడం లేదు బ్రదర్, తప్పుగా అనుకోకండి. ఒంగోలు చుట్టుపక్కల ఇంతమంది విశ్వాసులు ఉన్నారంటే ఎవరో నోరు తెరిచి చెప్పబట్టే. క్లౌ దొర ఒక్కరే చెప్పారా? ఎర్రగుంట్ల పేరయ్య అని తోళ్ల వ్యాపారం చేసుకునే ఆయన ఉన్నారు, ఆయన, ఆయన భార్య నాగమ్మ తమ చుట్టాల మధ్యకి, తమ పల్లెల్లోకి వెళ్లి చెప్పారు. ఆ మాటని వాళ్లు నమ్మారంటే పేరయ్య ఎట్లా బతుకుతాడో వాళ్లకి ముందే తెలుసు కాబట్టి. మీ రూమ్మేట్‌కి మీరు తెలుసు. రేపు కాకపోతే ఆర్నెల్లకి అడుగుతాడు, అడిగినప్పుడు సిగ్గుపడి దాటేయకండి, అప్పుడు దాటేస్తే మాత్రం నిజంగా తప్పే.

నేను కుట్టుపనిదాన్ని కాబట్టి నాకు అపొస్తలుల కార్యాల్లో తబితా అంటే ప్రాణం. తొమ్మిదో అధ్యాయం. ఆమె ఏం బోధించిందో ఒక్క మాట కూడా రాయలేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాళ్లు ఏడుస్తూ పేతురుకి ఆమె కుట్టిన బట్టలు చూపించారని మాత్రం ఉంది. జూన్‌లో స్కూళ్లు తెరిచేటప్పుడు మా వీధిలో కూలి ఇచ్చుకోలేని పిల్లలకి యూనిఫామ్‌లు ఊరికే కుట్టి ఇస్తాను, అది ఆ అధ్యాయం చదివిన తర్వాత మొదలుపెట్టిందే.

ఇక జవాబు రాని ప్రార్థన సంగతి. మా ఊళ్లో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు దాని మీదికెక్కి ఒంగోలుకి ఒక సేవకుణ్ని పంపమని ప్రార్థించారు. అప్పటికి నెల్లూరులో మిషన్ మొదలై పద్నాలుగేళ్లు కావస్తోంది, నమ్మినవాళ్లు కొద్దిమందే, మూసేద్దామనే మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. క్లౌ దొర ఒంగోల్లో అడుగుపెట్టింది ఆ ప్రార్థన తర్వాత పన్నెండేళ్లకి. ఆ పన్నెండేళ్లూ వాళ్ల విశ్వాసంలో లోపం ఉందని ఎవరైనా అనగలమా? పౌలు తన శరీరంలో ఉన్న ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. మా ఆయనకి ఇప్పటికీ కుంటుగానే ఉంది, చలికాలం రాత్రుళ్లు నొప్పికి లేచి కూర్చుంటారు. స్వస్థత కోసం ఇంకా ప్రార్థన చేస్తూనే ఉన్నాం. ఈ లోపు ఆయన ఒక చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నారు, తూకం తక్కువ వేయరు. మీ ఉద్యోగం గురించి ప్రార్థన ఆపకండి, అలాగని దాని కోసం నలభై రోజుల ఉపవాసాలు, మొక్కుబడులు అని ఒంటి మీదికి తెచ్చుకోకండి. నేను పొద్దున్న ఐదింటికి పావుగంట ప్రార్థన చేస్తాను, అంతే, కానీ మానను. ఏడుపు వచ్చిన రోజు ఏడుస్తాను, మాట రాని రోజు ఊరికే కూర్చుంటాను.

ఆపరేషన్ రోజు సంగతి చెప్పి ఆపేస్తాను. "ప్రార్థన చేయనా" అని మీ రూమ్మేట్‌ని అడగండి, సరే అంటే నాలుగు మాటల్లో మెల్లగా చేయండి, వద్దంటే మనసులో చేసుకోండి. ఐసీయూ బయట గట్టిగా చేయకండి, వేరేవాళ్లు కూడా తమ వాళ్ల కోసం కూర్చుని ఉంటారు. వాళ్లమ్మ విభూతి తెచ్చి పెడితే మొహం తిప్పుకోకండి. ఫోటో తీసి స్టేటస్ పెట్టకండి. రక్తం ఎన్ని యూనిట్లు కావాలో, ఏ గ్రూపో రెండు రోజుల ముందే కనుక్కుని, ఇచ్చేవాళ్లని మాట్లాడి పెట్టండి, మీ సంఘంలో యూత్‌ని కూడా అడగండి, వాళ్లు వస్తే కరపత్రాలు లేకుండా ఖాళీ చేతులతో రమ్మనండి. వాళ్లమ్మ ఆ రోజు పొద్దుటి నుంచి ఏమీ తిని ఉండదు. పదింటికల్లా రెండు ఇడ్లీలైనా తెచ్చి, ఆవిడ తినేదాకా పక్కన కూర్చోండి.