పాతకాలపు బట్టను మళ్లీ నేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి హిస్టరీతో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. రంధ్రాల్లో దారాలు ఎక్కించిన చిన్న పలకలు తిప్పుతూ పట్టీలు నేస్తుంది. ఈమధ్య నిలువు మగ్గం కూడా కట్టుకుంది. ప్రాచీన యూరప్ వస్త్రాల్ని తిరిగి నేయడమే తన వృత్తి అంటోంది. ఇందులో భవిష్యత్తు ఉందా?

జవాబు: ఉందండీ. అయితే నేత ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టం. నెలజీతమిచ్చి నేతపనికి మనిషిని పెట్టుకునే మ్యూజియంలు అరుదు. ఈ రంగంలో ఉన్నవారిలో ఎక్కువమంది పురావస్తు పరిశోధకులో, వస్త్ర సంరక్షకులో. కొందరు మ్యూజియంలకు నమూనాలు నేసిస్తారు.

అలాగని అమ్మాయి చేతిలోని విద్యను తక్కువ చేయకండి. ఆ రెండు నేతలనూ కలపడంలోనే అసలు పనితనం ఉంది. పూర్వం ఉత్తర యూరప్‌లో చాలా బట్టలు పట్టీతోనే మొదలయ్యేవి. పలకల్ని పావు చుట్టు తిప్పుతూ పట్టీ నేస్తారు, ప్రతిసారీ పేక (అడ్డు) దారాన్ని ఒక పక్కకు పొడవుగా లాగి వదులుతారు. పట్టీని మగ్గం పైదూలానికి కుట్టి, వేలాడే ఆ దారాలకు రాళ్లు కడితే, పట్టీకి పేకగా ఉన్నదే బట్టకు పడుగు (నిలువు దారం) అవుతుంది! పక్క అంచుల్నీ బట్టతో పాటే నేయొచ్చు: బట్ట పేకే పలకల దారాల మధ్య దూరి వెనక్కి వస్తుంది. పలకల దారాలు పురి తిరుగుతూ ఎక్కువ పొడవు లాక్కుంటాయి కాబట్టి బిగువు చూసుకోకపోతే అంచు ముడుచుకుపోతుంది. ఇది పుస్తకం చదివితే రాదు, వేళ్లకే తెలియాలి.

నార్వేలో 1904లో తవ్విన ఓసెబెర్గ్ నౌకా సమాధిలో (వైకింగ్‌ల కాలంలో ఓడతో సహా పూడ్చిన సమాధి), సగం నేసిన పట్టీతో 52 పలకలు దొరికాయి. అలాంటి ఆధారం నుంచి నేతగత్తె చేతి కదలికను ఊహించాలంటే, నేయడం తెలిసిన పరిశోధకురాలే కావాలి.

డిగ్రీ మాత్రం మధ్యలో ఆపనివ్వొద్దు. తర్వాత బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీలో ప్రయోగాత్మక పురావస్తు శాస్త్రం (పాతకాలపు పనుల్ని మళ్లీ చేసి చూసి తెలుసుకునే చదువు), గ్లాస్గో యూనివర్సిటీలో వస్త్ర సంరక్షణ పీజీలుగా చదవొచ్చు. సంరక్షణకైతే కెమిస్ట్రీ పునాది కావాలి. హిస్టరీ విద్యార్థి కాబట్టి నేనైతే మొదటిదే చెబుతాను. పరిశోధన వైపు వెళ్తే కోపెన్‌హాగన్ యూనివర్సిటీలో 2005లో మొదలైన వస్త్ర పరిశోధన కేంద్రం పని ఇప్పటినుంచే చదువుతుండాలి. ఫీజులు, అర్హతలు ఏటా మారతాయి, దరఖాస్తుకు ముందు సరిచూసుకోండి.

ఈ సెలవుల్లో పెద్ద వస్త్రం జోలికి పోవద్దు. పైన, రెండు పక్కలా పలకల అంచులున్న జానెడు గుడ్డ చాలు. నూలు మందం, దారం పురి ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా వాలిందో జెడ్‌లా వాలిందో, సెంటీమీటరుకు ఎన్ని పోగులు, ఎన్ని గంటలు పట్టింది, అన్నీ రాసుకోమనండి. పై పట్టీ, పక్క అంచు కలిసే మూలను ఫొటోలు తీయమనండి. అక్కడ తప్పు పోయి విప్పిన సంగతీ దాచకుండా రాయాలి. అడ్మిషన్‌కు గుడ్డతో పాటు ఆ నోటుబుక్కునూ చూపించాలి.