జోలార్‌పేట దగ్గర మారేది ఓనరా, బాధ్యతా? రైల్‌ఎమ్‌ఎల్‌లో ఎలా రాయాలి

మీరు అడిగింది ఇది: చెన్నై–బెంగళూరు లైన్‌ని రైల్‌ఎమ్‌ఎల్ 2 (రైల్వే వివరాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి అందించే ఫైల్ పద్ధతి) ఫైల్‌లో పెడుతున్నారు. జోలార్‌పేట స్టేషన్ సదరన్ రైల్వే చెన్నై డివిజన్‌ది, అది దాటాక సౌత్ వెస్టర్న్ రైల్వే బెంగళూరు డివిజన్. మెయిన్ లైన్ మీద ఒక్క ఓనర్‌చేంజ్ (ఇక్కణ్నుంచి ఓనర్ మారారని చెప్పే గుర్తు) పెడితే సరిపోతుందా అని. సరిపోదండీ.

ముందు ఓనర్‌చేంజ్ అన్న ఆ పేరు సంగతి తేల్చుకోవాలి. రెండు జోన్లకూ యజమాని ఒక్కరే, భారతీయ రైల్వే. అక్కడ చేతులు మారేది ఆస్తి కాదు, బాధ్యత. అదైనా ఒకటేనా? బండ్లు నడిపే కంట్రోల్ హద్దు ఒకచోట ఉంటే పీ.వే. (పట్టాల మెయింటెనెన్స్) సెక్షన్ హద్దు ఇంకో కిలోమీటర్ రాయి దగ్గర ఉండొచ్చు. ఓహెచ్‌ఈకి, అంటే పైనుండే కరెంటు తీగకు, కరెంటు ఏ సబ్‌స్టేషన్‌దన్నది న్యూట్రల్ సెక్షన్ (తీగలో కరెంటు లేని చిన్న ముక్క) దగ్గర మారుతుంది. ఈ మూడింటినీ ఒకే ఓనర్‌చేంజ్‌లో కుక్కితే చదివే సాఫ్ట్‌వేర్ తనకు తోచింది తీసుకుంటుంది. టైమ్‌టేబుల్ కోసం ఇచ్చే ఫైల్ అయితే బండ్లు నడిపే బాధ్యత ఒక్కటే రాయండి. అదే రాశామని అవతలి టీమ్‌కు ముందే రాతపూర్వకంగా చెప్పండి.

రాష్ట్ర సరిహద్దును దీంతో కలపకండి. ఈ లైన్ తమిళనాడు నుంచి కుప్పం దగ్గర ఆంధ్రలోకి వచ్చి, తర్వాత కర్ణాటకలోకి పోతుంది. కుప్పం మన చిత్తూరు జిల్లాలోనిదే, స్టేషన్ మాత్రం బెంగళూరు డివిజన్‌ది. రైల్‌ఎమ్‌ఎల్ పుట్టిన యూరప్‌లోనూ ఈ చిక్కు ఉంది: బాసెల్ బాడిషర్ స్టేషన్ ఉన్నది స్విస్ నేల మీద, పట్టాలు చూసేది జర్మన్ రైల్వే.

ఇక ఫైల్‌లోకి వద్దాం. ఓనర్‌చేంజ్ ఒక మచ్చ లాంటిది. అది ఉన్న పోజిషన్ (ట్రాక్ మొదటి నుంచి మీటర్లలో దూరం) నుంచి అదే ట్రాక్‌లో తర్వాతి మార్పు దాకా, లేదా ట్రాక్ చివరిదాకా, ఆ విలువ నడుస్తుంది. మచ్చకు ముందు భాగం ఎవరిదో అది చెప్పదు. 5,200 మీటర్ల ట్రాక్‌లో 3,150 దగ్గర హద్దు ఉంటే రెండు మార్పులు కావాలి: పోజిషన్ 0లో సదరన్, 3,150లో సౌత్ వెస్టర్న్. 0 దగ్గరది వదిలేయడమే అందరూ చేసే తప్పు. దాని ఫలితం ఎదురు దిక్కులో బయటపడుతుంది. బెంగళూరు నుంచి వచ్చే బండి 3,150 దాటగానే కొందరి సిమ్యులేటర్ మచ్చ మీదున్న పేరు చదివి 'సౌత్ వెస్టర్న్‌లోకి వచ్చాం' అంటుంది. నిజానికి అది అప్పుడే సౌత్ వెస్టర్న్ వదిలింది. స్పీడ్ మార్పుకు దిక్కు ఉంటుంది కానీ బాధ్యతకు దిక్కు లేదు. కోడ్‌లో మచ్చల జాబితాను ముందే 'ఇంత నుంచి ఇంత వరకు, వీరిది' అన్న ముక్కలుగా మార్చి పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ప్రతి ట్రాక్‌కూ విడిగా రాయాలి. అప్, డౌన్ రెంటికీ, హద్దు స్టేషన్ లోపల పడితే లూప్ లైన్లకూ (స్టేషన్‌లో మెయిన్ లైన్ పక్కన ఉండేవి), క్రాసోవర్లకూ (రెండు ట్రాక్‌లను కలిపేవి). ప్రైవేట్ సైడింగ్ (కంపెనీలోకి పోయే పక్క ట్రాక్) దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. సైడింగ్ ట్రాక్‌కు పోజిషన్ 0 అంటే పాయింట్ (ట్రాక్ చీలే చోటు) దగ్గర. కానీ కంపెనీ బాధ్యత అగ్రిమెంట్ ప్రకారం గేటు నుంచి అనుకుందాం. గేటు 95 మీటర్ల దగ్గరుంటే 0లో రైల్వే, 95లో కంపెనీ. 0లోనే కంపెనీ పేరు రాస్తే పాయింట్ మెయింటెనెన్స్ బిల్లు కూడా వాళ్ల నెత్తిన పడుతుంది. పాయింట్ మధ్యలో మాత్రం హద్దు పెట్టొద్దు.

హద్దు దగ్గర ట్రాక్‌నే రెండుగా కోసి, చెరో లైన్‌లో చేర్చేవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. రేపు హద్దు జరిగిందంటే ట్రాక్ ఐడీలన్నీ మారి, వాటిని పట్టుకుని ఉన్న సిగ్నళ్లు, టైమ్‌టేబుల్ అన్నీ తెగుతాయి. నేనైతే కోయను.

పేరును అక్షరాల్లో రాయకుండా ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మేనేజర్ (ట్రాక్ బాధ్యత చూసే సంస్థ) రెఫరెన్స్ వాడండి. లేకపోతే 'సదరన్ రైల్వే', 'ఎస్.ఆర్.', 'దక్షిణ రైల్వే' ముగ్గురు వేర్వేరు మేనేజర్లైపోతారు. హద్దు దగ్గరే కిలోమీటర్ లెక్క కూడా మారితే ఆ మార్పును చెప్పే మైలేజ్‌చేంజ్‌నూ అదే పోజిషన్‌లో పెట్టండి. ఒక మీటరు అటూ ఇటూ అయినా బాధ్యత ఒకరిదీ, కిలోమీటర్ లెక్క ఇంకొకరిదీ అయిన మీటరు ఒకటి మిగులుతుంది.

టైమ్‌టేబుల్ స్టేషన్లను పట్టుకుని నడుస్తుంది, మీటర్లను కాదు. హద్దు రెండు స్టేషన్ల మధ్య పడితే అక్కడ బండి ఆగని ఒక ఆపరేషనల్ పాయింట్ (టైమ్‌టేబుల్‌లో స్టేషన్‌లా లెక్కపెట్టే చోటు) సృష్టించండి. మన కంట్రోల్ వాళ్లు ఇంటర్‌ఛేంజ్ పాయింట్ అనేది అదే. అప్పుడే ఏ బండి ఏ నిమిషానికి చేతులు మారిందో రాసే చోటు దొరుకుతుంది.

2019లో వచ్చిన రైల్‌ఎమ్‌ఎల్ 3.1 నుంచి పద్ధతి వేరు. అక్కడ బోర్డర్ అనే ఎలిమెంట్, దాని స్థానం నెట్ ఎలిమెంట్ (ట్రాక్ ముక్క) మీద 0 నుంచి 1 మధ్య అంకె. 8,400 మీటర్ల ముక్కలో 3,150 అంటే 0.375. ఇది సరిగ్గా కుదిరింది కానీ మూడు దశాంశాలకు కుదిస్తే మామూలుగా 4.2 మీటర్ల దాకా తప్పు వస్తుంది. ఆరు స్థానాలు ఉంచండి. బోర్డర్ గీత మాత్రమే గీస్తుంది. అటూ ఇటూ ఎవరన్నది లైన్ మీద విడిగా చెప్పాలి.

హద్దు ఫలానా తేదీ నుంచి మారుతుందంటే, పాత దాని ఆఖరి తేదీ లెక్కలో ఉందా లేదా అన్నది ముందే తేల్చుకోండి. లేకపోతే అప్పగింత రోజున ఇద్దరు మేనేజర్లు ఉంటారు, లేదా ఒక్కరూ ఉండరు.

ఫైల్ పంపేముందు ఒక స్క్రిప్ట్ నడపండి. ప్రతి ట్రాక్‌లో మొదట, చివర, ప్రతి హద్దుకు అటు ఒక మీటరు, ఇటు ఒక మీటరు దగ్గర 'ఇది ఎవరిది' అని అడిగి, ఖాళీ జవాబులు లెక్కపెట్టండి. సున్నా రావాలి. ఒకటి వచ్చినా అది లూప్ లైన్‌లో ఉండొచ్చు, ముందు అక్కడే వెతకండి.