యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్‌తో డస్ట్ అలర్జీ పోతుందా? నేను నాలుగు నెలలు వాడి చూశాను

ముక్కు స్ప్రే నాలుగు రోజులు కొట్టినా పని చేయలేదు, విటమిన్ సి, ఇ ఉన్న యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ మూడు నెలలు వాడితే తుమ్ములు పూర్తిగా పోతాయని తెలిసినవాళ్లు చెప్పారు, నిజమేనా అని అడిగారు కదా. నేను మూడు కాదు, నాలుగు నెలలు మింగాను. తుమ్ములు తగ్గాయి కూడా! అసలు ఎందుకు తగ్గాయో తెలిశాక మాత్రం పోయిన డబ్బులు గుర్తొచ్చి కడుపు మండింది.

రాజమండ్రిలో ఉన్నన్నాళ్లూ నాకు ఈ గొడవ లేదు. హైదరాబాద్ శివార్లలో ఇంటికి మారిన రెండో ఏడాది మొదలైంది. లేవగానే వరసపెట్టి పదిహేను, ఇరవై తుమ్ములు, కుళాయి తిప్పినట్టు ముక్కు, అంగిట్లో దురద. ఫోన్లో నా గొంతు వినగానే మా అమ్మ "పడిశం పది రోగాల పెట్టురా" అని మొదలుపెట్టేది. మా పక్క ఖాళీ ప్లాట్ల నిండా వయ్యారిభామ మొక్కలే, వానలకు ఏపుగా పెరిగి తెల్లగా పూశాయంటే ఇక నా పని అయిపోయినట్టే.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో గొలుసు వ్యాపారం చేసే ఒకాయన దొరికాడు (కాదు, నేనే ఆయనకు దొరికాను). డబ్బా నెలకు 2,800. సెప్టెంబర్‌లో మొదలుపెట్టాను, డిసెంబర్ ఆఖరుకు హాయిగా ఉంది. ఆయన నన్నే చూపించి ఇంకో ఇద్దరికి అంటగట్టాడు. మరుసటి ఏడాది నేను ఏ క్యాప్సూలూ వేసుకోలేదు, అయినా ఆ టైంకే తగ్గింది. మొక్కలు ఎండిపోయాయి, వాటి పుప్పొడి ఆగిపోయింది, అంతే!

అలాగని ఆక్సిడేటివ్ స్ట్రెస్ (కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ అణువులు పోగుపడటం) తగ్గిస్తే అలర్జీ పోతుందని ఇవి అమ్మేవాళ్లు చెప్పే సిద్ధాంతం పూర్తిగా అబద్ధమేం కాదు. అలర్జీతో వాచిన ముక్కు పొరలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఉంటుంది, నిజమే. కానీ అది మంట రేగాక వచ్చే పొగ లాంటిది. పుప్పొడినో దుమ్ము పురుగునో చూసి ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ రెచ్చిపోవడం, కణాలు తుమ్ములు, దురద తెప్పించే హిస్టమిన్ వదలడం ముందే జరిగిపోతాయి. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో సీజన్‌లో మామూలు మందులతో పాటు రోజుకు 800 మిల్లీగ్రాముల విటమిన్ ఇ ఇస్తే ముక్కు లక్షణాలు కొంత తగ్గాయి గానీ అలర్జీ మందుల వాడకం మాత్రం తగ్గలేదు. ఏడాది పొడవునా ఉండే రకం మీద చేసిన ఇంకో అధ్యయనంలో ఆ కాస్త తేడా కూడా కనపడలేదు.

విటమినే కదా, ఏం పోతుందిలే అనుకోకండి. రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ ఏళ్ల తరబడి వేసుకున్న మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ కనిపించిందని 2011లో పెద్ద అమెరికన్ అధ్యయనం ఒకటి తేల్చింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు రక్తస్రావం భయం. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు విటమిన్ సి పెద్ద డోసుల జోలికి పోకపోతేనే మంచిది. ఉసిరికాయ, జామకాయ తింటే ఎవరూ వద్దనరు.

ఇక మీ స్ప్రే సంగతి. స్టెరాయిడ్ స్ప్రే నాలుగు రోజులకు తేలదు, రోజూ కొడితే పూర్తి గుణం కనపడటానికి వారం, రెండు వారాలు పట్టొచ్చు. నేనూ మొదట్లో తల పైకెత్తి, ముక్కు మధ్య ఎముక మీదికి కొట్టి, గట్టిగా పీల్చి, మందంతా గొంతులోకి పోగొట్టుకున్నాను, పైగా రక్తం కూడా వచ్చేది. తల కొంచెం వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి, చెవి వైపుగా కొట్టాలి, మెల్లగా పీల్చాలి. ముక్కు దిబ్బడకు వేసుకునే చుక్కల మందు వేరు, దాన్ని ఐదు రోజులు దాటి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది.

ఏది పడట్లేదో తెలియాలంటే డాక్టర్‌ని అడిగి చర్మం మీద చేసే అలర్జీ టెస్ట్ చేయించుకోండి. దానికి ముందు వారం పాటు సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు ఆపాలి. నేను ముందురోజు రాత్రి కూడా వేసుకుని వెళ్లాను, టెస్ట్ చేయకుండానే వెనక్కి పంపేశారు, ఒక సెలవు దండగ.