కొత్త చైన్ వేశాక ఇంకా ఎక్కువ జారుతోంది, మెకానిక్‌ని నమ్మొచ్చా?

ప్రశ్న: నా 21 గేర్ల సైకిల్ కొని నాలుగేళ్ళయింది, రోజూ ఆఫీసుకి దానిమీదే వెళ్తాను. అప్ ఎక్కేటప్పుడు చైన్ జారుతోందని షాపులో ఇస్తే కొత్త చైన్ వేశాడు. ఇప్పుడు ఇంకా ఎక్కువ జారుతోంది, అడిగితే వెనక ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే, చైన్ తిరిగే పళ్ళ చక్రాల సెట్టు) కూడా మార్చాలంటున్నాడు. డబ్బుల కోసమేనా? మంచి మెకానిక్‌ని ఎలా పోల్చుకోవాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మోసం కాకపోవచ్చండి, ఆయన చెప్పేది నిజమయ్యే అవకాశమే ఎక్కువ. కాకపోతే ఆ మాట చైన్ వేయకముందే చెప్పాల్సింది, అక్కడ మాత్రం ఆయనది తప్పే.

చైన్ లోపల పిన్నులు అరిగేకొద్దీ ప్రతి లింకు దగ్గరా కాస్త లూజొచ్చి మొత్తం చైన్ పొడుగవుతుంది, అలాగే తొక్కుతూ ఉంటే ఫ్రీవీల్ పళ్ళు కూడా దానికి తగ్గట్టే అరిగిపోతాయి. రెండూ పాతవే కాబట్టి కొన్నాళ్ళు ఎలాగో నడుస్తాయి, దానిమీద సరిగ్గా అర అంగుళం కొలతతో ఉన్న కొత్త చైన్ వేసేసరికి పళ్ళలో కూర్చోదు, గట్టిగా తొక్కగానే ఎగిరిపోతుంది. మీది సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలికి తుప్పు పట్టడం కూడా ఎక్కువే, కాబట్టి తుడిచి ఆయిల్ వేయడం మానొద్దు.

ముందు మీరే ఒకసారి చూసుకోండి. ఎక్కువగా వాడే ఒకటి రెండు గేర్లలోనే జారుతుంటే ఆ పళ్ళు అరిగినట్టే. అన్ని గేర్లలో జారితే వెంటనే ఫ్రీవీల్ కొనేయకండి, కొత్త చైన్‌లో ఎక్కడో లింకు బిగుసుకుని ఉండొచ్చు, గేరు కేబుల్ సెట్టింగ్ తప్పి ఉండొచ్చు, ఇవి కొత్త సామాను లేకుండానే సరవుతాయి. ఇకమీదట చైన్‌ని స్కేలుతో కొలవండి, ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే 12 అంగుళాల గీత ఇంకో పిన్ను మధ్యకి రావాలి. ఆ పిన్ను గీత దాటి ఒకటిన్నర మిల్లీమీటర్లు పోయిందంటే చైన్ మార్చే టైమొచ్చింది, మూడు దాకా పోనిస్తే ఫ్రీవీల్‌కి కూడా ఖర్చు తప్పదు. టైముకి చైన్ ఒక్కటే మారిస్తే మిగతావి చాలా కాలం వస్తాయి, అందుకే దీని గురించి ఇంతలా చెప్తున్నా.

ఇక మెకానిక్ సంగతి. షాపు పెద్దదా చిన్నదా అని చూడకండి, చెట్టుకింద పెట్టెతో కూర్చునే పెద్దాయన చేతిలో కూడా గొప్ప పనితనం ఉంటుంది. చెయ్యి వేసే ముందు ఏది ఎందుకు మార్చాలో చూపించి రేటు చెప్పాలి, తీసిన పాత సామాను అడక్కుండానే మీ చేతికివ్వాలి, పనయ్యాక తనే ఒక రౌండు తొక్కి చూడాలి. ఫ్రీవీల్ ఊడదీయడానికి దానికి సరిపోయే టూల్ ఉండాలి, ఉలి పెట్టి సుత్తితో కొడతానంటే సైకిల్ వెనక్కి తెచ్చేసుకోండి. కొత్తవాళ్ళకి మొదటిసారే ఓవరాయిలింగ్ (సైకిల్ మొత్తం విప్పి సర్వీసు చేయడం) అప్పజెప్పొద్దు, బ్రేకు రబ్బర్లు మార్చడమో రిమ్ము బెండు తీయడమో ఇచ్చి చూడండి, చక్రం తిప్పితే అటూఇటూ ఊగకుండా తిరిగిందంటే చెయ్యి మంచిదన్నట్టే.

అది బాగయ్యేదాకా అప్‌లో మాత్రం పెడల్స్ మీద లేచి నిలబడి తొక్కకండి, చైన్ ఎగిరిందంటే కాలు జారి రోడ్డుమీద పడతారు. దిగి నడిపించుకుంటూ వెళ్ళండి.