గుండె డాక్టర్ కిడ్నీ డాక్టర్ దగ్గరికి ఎందుకు పంపిస్తారు?

మీ నాన్నగారికి 62 ఏళ్లు, చాలాకాలంగా బీపీ ఉంది, క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తపరీక్షలో చూస్తారు) 1.6 వచ్చింది. గుండె డాక్టర్ కిడ్నీ డాక్టర్‌ని కలవమన్నారు, గుండెకీ కిడ్నీకీ ఏం సంబంధం అని అడిగారు. మాది తిరుపతి. మా నాయనకు కూడా జబ్బు ఇలా పక్కదారిలోనే బయటపడింది. చూపు మసకగా ఉందని కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే, కంటి వెనక రక్తనాళాలు చూసిన డాక్టరమ్మ "బీపీ కార్డు ఉందా? యూరిన్ ఆల్బుమిన్ (మూత్రంలో ప్రోటీన్ పోతోందా చూసే పరీక్ష) ఎప్పుడు చేయించారు?" అని అడిగింది. కళ్లజోడు కోసం వెళ్తే ఈ గొడవేంటని నాయన విసుక్కున్నాడు. ఆమె అడిగింది సరైన ప్రశ్నే. ఒంట్లో సన్నని రక్తనాళాలను డాక్టర్లు నేరుగా చూడగలిగే చోటు అది. అక్కడ దెబ్బతింటే కిడ్నీలోనూ అనుమానించాలి.

కిడ్నీ నిజానికి రక్తనాళాల ముద్ద. ఒక్కోదాంట్లో సుమారు 10 లక్షల వడపోత చుట్టలుంటాయి. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు ఈ రెండింటికే పోతుంది. మామిడితోటలో డ్రిప్ వేసినవాళ్లకు తెలుసు, మోటారు ప్రెషర్ ఎక్కువైతే మెయిన్ పైపు బాగానే ఉంటుంది, చివరి సన్న పైపులే ముందు పోతాయి. బీపీ చేసేది అదే. షుగర్ కూడా తోడైతే చెప్పక్కర్లేదు. నాళాల గోడలు మందమవుతాయి, జల్లెడ పాడై ప్రోటీన్ మూత్రంలోకి కారుతుంది.

ఇది ఒకవైపే నడిచే వ్యవహారం కాదు. రక్తం తగ్గిందనుకుంటే కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని వదిలి బీపీని ఇంకా పెంచుతుంది. కిడ్నీ పనితనం బాగా తగ్గాక ఫాస్ఫరస్ పేరుకుని, రక్తనాళాల గోడల్లో కాల్షియం పట్టి అవి బిరుసెక్కుతాయి. అందుకే కిడ్నీ జబ్బున్న చాలామందికి డయాలిసిస్ కన్నా ముందు గుండెపోటు ముప్పే ఎక్కువ. మీ గుండె డాక్టర్ భయం అదే అయ్యుంటుంది.

క్రియాటినిన్ ఒక్కటే చూసి కూర్చోకండి. సగం పని పోయేదాకా అది పెద్దగా కదలదు. మీ నాన్నగారి వయసుకు 1.6 అంటే జీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే లెక్క) 48 దగ్గర ఉంటుంది. అది మూడు నెలలు దాటినా 60 లోపే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. యూరిన్ ఏసీఆర్ (మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చూసే పరీక్ష) చేయించండి, 30 దాటితే లీకేజీ మొదలైనట్టే.

టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర మొదలుపెడితే మొదట్లో క్రియాటినిన్ కొంచెం పెరగొచ్చు. చాలామంది హడలిపోయి మానేస్తారు. మానొద్దు. ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూసి డాక్టరే చెప్తారు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు మాత్రం మాత్ర ఆపాలా అని ఫోన్ చేసైనా అడగండి.

అలిపిరి మెట్లెక్కి వచ్చాక మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి మింగడం మా ఊళ్లో మామూలే. అది కిడ్నీకి వచ్చే రక్తాన్నే తగ్గిస్తుంది, మీ నాన్నగారిని దాని జోలికి పోనివ్వకండి. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే. మా ఇంట్లో దీనిమీద జరిగిన గొడవ ఇంతా అంతా కాదు. సంగటిలోకి ఊరగాయ లేకపోతే నాయనకు ముద్ద దిగదు!

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో నెఫ్రాలజీ (కిడ్నీ) విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లండి, పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకోండి, ఇంట్లో వారం రోజులు చూసిన బీపీ రాసుకెళ్లండి. ఏసీఆర్ ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తే, మా నాయన రిపోర్టులు పక్కన పెట్టుకుని నాకు తెలిసింది చెప్తాను.